కోతకి వదిలిన కొలత

నలభై ఎనిమిది లెక్కల పుస్తకాల్లో జవాబుల చివరి అంకెలు ఎగిరిపోయాయి. పన్నెండేసి పుస్తకాల దొంతరలు నాలుగు. నాలుగూ ఒకే వంకరలో తెగాయి. తెగిన పీలికలు మిషను కింద తొట్టిలో పడ్డాయి. వాటి మీద మూడూ, ఏడూ, సున్నా, తొమ్మిదీ. ఆ పుస్తకాలు బడికి వెళితే ఏ పిల్లకీ ఏ లెక్కకీ సరైన జవాబు దొరకదు.

ముందుగా చూసింది మడతలక్క. బైండింగు షెడ్డులో ఆవిడ బల్లకీ కటింగు మిషనుకీ మధ్య నాలుగడుగుల దూరం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడతచెక్కతో నొక్కి నొక్కి మడిచి, పేజీల వరస తప్పకుండా పేర్చడం ఆవిడ పని. పదిహేనేళ్ళుగా మడుస్తూనే ఉంది కాబట్టి అసలు పేరు ఎటో పోయి మడతలక్క మిగిలింది. చెయ్యి ఆపకుండానే తలెత్తి చూసేసరికి మిషను ముందు కత్తి బాబాయి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ రెండు మీటల మీదే ఉన్నాయి. నుదురు మాత్రం పైనున్న ఇనుప పట్టీకి ఆనుకుంది. కళ్ళు మూతపడ్డాయి.

"బాబాయ్!"

ఆ కేకకి షెడ్డులో పదిమందీ తలలు తిప్పారు. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు ఐదో దొంతర అందుకోబోయాడు. చేతికి దొంతర అందలేదు, పక్కనున్న గాలి అందింది. ముప్పయ్యేళ్ళుగా ఆ కత్తి కింద వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి!

గాజు తలుపు తోసుకుని యజమాని వచ్చాడు. అందరూ సారు అంటారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆయన చిరాకుగానే ఉన్నాడు. స్కూటరు ముందు దీపం పగిలి ఉంటే ఎవరో అడిగినందుకు, "గోడ అడ్డమొచ్చింది, నీకేం?" అని కసిరాడు. ఇప్పుడు వంకర పుస్తకం ఒకటి తీసి, జవాబుల పేజీ తిప్పి, మళ్ళీ మూశాడు.

"ఏంటిది బాబాయ్?"

"తల... కొంచెం..."

నోరు ఎండిపోయినట్టుంది. మాట జిగురులోంచి పీకినట్టు వచ్చింది. సారు దగ్గరికి వెళ్ళి ముక్కు ఎగబీల్చాడు. తియ్యగా, ఘాటుగా ఏదో వాసన.

"తాగొచ్చావా?"

"లేదు."

"నాలుక తిరగట్లేదు, కళ్ళు చూస్తే నెత్తురు ముద్దలు, ఇంకా లేదంటాడు!"

బాబాయి ఒకప్పుడు తాగేవాడని, మానేసి పందొమ్మిదేళ్ళయిందని అందరికీ తెలుసు. మానేసిన సంగతి ఎంత బాగా తెలుసో, తాగిన సంగతి అంతకంటే బాగా తెలుసు. లోకం తీరే అంత.

సారు వంగి మిషను తాళం లాగేశాడు. గుయ్యిమనే మోత ఆగిపోయింది.

"రేపట్నించి జిగురు బల్ల దగ్గర కూర్చుని అట్టల మీద చీటీలు అంటించు. ఈ కత్తి కింద నీ చెయ్యి పోతే నీకు చెయ్యే పోతుంది, నాకు షెడ్డు పోతుంది." ఇటు తిరిగి తాళం చాపాడు. "మడతలక్కా! ఆరేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నావుగా మిషను కావాలని. ఇదుగో, పట్టు."

ఆరేళ్ళు. ఆడమనిషికి కత్తి ఎందుకన్నారు, కొంగు పడుతుందన్నారు, కొంగు పడకుండా పైన చొక్కా తొడుక్కుని వచ్చి చూపిస్తే నవ్వారు. మధ్యాహ్నాలు తిండి ముగించి అందరూ కునికే వేళ, మిషను ఆపి ఉన్నప్పుడు, దొంతర ఎలా తట్టి సర్దాలో, వేళ్ళు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో ఆవిడకి చూపించింది ఈ బాబాయే.

ఆవిడ చెయ్యి చాపింది. తాళం వెచ్చగా ఉంది. బాబాయి ఆవిడ వంక ఒక్కసారి చూశాడు. అందులో కోపం లేదు, ఏదో అడుగుతున్నట్టుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచీ ఆయన తన ఎదురుగానే ఉన్నాడని, బయటికి అడుగు పెట్టలేదని ఆవిడకి తెలుసు. ఆ ఒక్క ముక్క అనొచ్చు. ఇంటి దగ్గరే పట్టించి వచ్చాడేమో, నాకేం తెలుసు అనుకుంది. అనుకుని, చూపు తిప్పి, తాళం చొక్కా జేబులో వేసుకుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వంటగదిలోకి వెళ్ళి దేనికి వచ్చిందో మరిచిపోయి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"కింద మీట నొక్కితే పైకి, పైన మీట నొక్కితే కిందకి! నీకేమైందే?" అన్నాడు.

"సంతోషం అనుకుంటా."

"సంతోషమైతే మొహం ఆముదం తాగినట్టు ఎందుకుంది?"

ఆవిడ పక్కమీద వాలింది. కళ్ళు మూస్తే రెప్పలు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. వారం నుంచీ ఇదే వరస. దగ్గు కాస్త తగ్గింది కదా, హాయిగా నిద్ర పట్టాలి. పట్టదేం?

దగ్గు షెడ్డులో అందరికీ వచ్చింది. పాత కాగితాల కట్టలు అటకమీంచి దింపిన రోజున లేచిన దుమ్ము పదిమంది గొంతుల్లో దూరింది. చాలామందికి నాలుగు రోజుల్లో పోయింది. ఆవిడకీ బాబాయికీ పోలేదు. మందుల కొట్టుకి వెళ్ళి "దగ్గుకి మంచిది ఒకటివ్వండి, పెద్ద సీసా" అని కొనుక్కొచ్చి, జిగురు డబ్బాల పక్కన అలమరలో పెట్టింది ఆవిడే. దగ్గొచ్చినవాళ్ళు తాగొచ్చు, అలమరకి తాళమా గొళ్ళెమా!

సీసా మూతకి బోర్లించి ఉన్న చిన్న కొలతకప్పు రెండో రోజే జిగురులో పడి గట్టిపడింది. అప్పుడావిడ టీ గ్లాసొకటి తీసుకుంది. సీసా మీద రెండు చెంచాలని ఉంది. తన అన్నం డబ్బాలో చెంచాతో రెండు పోసి, గ్లాసు మీద మొలతో గీత గీసింది. సరిగ్గా మట్టానికి గీయలేదు, కాస్త పైన గీసింది. ఆ షెడ్డులో ఎవరూ మట్టానికి గీయరు. ఏ కొలతకైనా కోతకి మూడు మిల్లీమీటర్లు వదలాలి. ఎక్కువైతే కోసెయ్యొచ్చు, తక్కువైతే అతకలేం. ఆవిడ అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం అది, నేర్పింది బాబాయి. ఆ బాబాయి మందు పోసుకునేటప్పుడు ఆవిడ గీసిన గీతకి పైన ఇంకాస్త పోసుకునేవాడు.

"తక్కువైతే పని చెయ్యదమ్మా" అనేవాడు.

*

మర్నాడు పొద్దున దగ్గు ఆగక ఆవిడ గీత దాకా తాగింది. పక్కనే నిలబడ్డ బాబాయికి కూడా పోసి ఇచ్చింది. ఆయన గటుక్కున తాగి, గ్లాసు కడిగి బోర్లించి, జిగురు బల్ల దగ్గరికి వెళ్ళి ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చున్నాడు. పొడుగు మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

ఆవిడ తాళం తిప్పింది. మిషను గుయ్యిమంది. ఆరేళ్ళుగా కలగన్న మోత. మొదటి దొంతర తట్టి సర్ది లోపలికి తోసింది. కొలత చూసింది. చూసిన కొలత మళ్ళీ చూసింది. వేళ్ళు వణుకుతున్నాయి. దొంతరని నొక్కిపట్టే పట్టీ దించి రెండు చేతులా మీటలు నొక్కితే కత్తి దిగింది. పుస్తకాల అంచు అద్దంలా వచ్చింది కానీ ఆవిడ వీపంతా చెమట పట్టింది. మొదటి రోజు కదా, భయం మామూలే అనుకుంది. పదో దొంతర దగ్గర కూడా భయం తగ్గలేదు. గుండె దడదడలాడుతూనే ఉంది.

"కుడి చెయ్యి." జిగురు బల్ల దగ్గర్నుంచి వినబడింది.

చూసుకుంటే బొటనవేలు పట్టీ కింద ఉంది. చటుక్కున లాక్కుంది. బాబాయి అప్పటికే తల దించుకుని చీటీ అంటిస్తున్నాడు.

ఆయన్ని చూడకూడదనుకుంటూనే చూస్తోంది. చెంబు మీద చెంబు నీళ్ళు తాగుతున్నాడు, పెదాలు తడుపుకుంటున్నాడు. రెండుసార్లు లేచి బాత్రూముకి వెళ్ళాడు. చాలాసేపు ఉండి వచ్చాడు. వచ్చి నిండుగా కూర్చోలేక స్టూలు అంచు మీద ఒరిగాడు. మధ్యాహ్నానికి తల ముందుకి వాలిపోయింది. లేపితే చెంపకి చీటీ అంటుకుని ఉంది. "గణితం, ఎనిమిదో తరగతి" అని.

షెడ్డంతా గొల్లుమంది.

"మా బాబాయి ఇన్నాళ్ళకి ఎనిమిది పాసయ్యాడురా!" అని కుట్టు మిషను దగ్గర్నుంచి ఎవరో అన్నారు.

సారు గాజు తలుపు తీసి చూశాడు. "చూశారుగా? నేనన్నది అబద్ధమా?" అని తలుపు వేసుకున్నాడు.

బాబాయి చెంప మీది చీటీ మెల్లగా, చిరగకుండా పీకి, వెనక జిగురు తుడిచి, అట్ట మీద సరిగ్గా అంటించాడు. ఆయన వేళ్ళు చూస్తూ మడతలక్క నవ్వలేకపోయింది. పొద్దుటి నుంచీ ఈయన గేటు దాటలేదు. ఆయన నోట్లోకి పోయింది నీళ్ళు. నీళ్ళు కాకుండా, నేను పోసిన మందు.

అంతలోనే ఛ, అనుకుంది. అదే మందు నేనూ తాగుతున్నాగా? నాకు నిద్ర రావడం మాట అటుంచి, వారం నుంచీ రెప్ప పడలేదు. ఒకే సీసాలోది ఒకరికి నిద్ర పట్టించి ఇంకొకరికి నిద్ర చెడగొడుతుందా?

టీ వేళకి తాళం తీసి జేబులో వేసుకుని, సీసా, గ్లాసు కలిపి తెల్లకాగితంలో చుట్టుకుని మందుల కొట్టుకి నడిచింది. నడిచిందనే గానీ కాళ్ళు పరిగెడుతున్నాయి.

*

కొట్టులో కళ్ళజోడు అమ్మాయి చీటీ చూసి మాత్రలు లెక్కపెడుతోంది. ఆవిడ చెప్పిందంతా విని, మాత్రలు పక్కన పెట్టి గ్లాసు అందుకుంది.

"ఇదేంటక్కా?"

"కొలత."

"ఇది టీ గ్లాసు."

"గీత ఉంది చూడండి."

అమ్మాయి గీత దాకా నీళ్ళు పోసి, ఆ నీళ్ళు ఒక కొలతకప్పులోకి వంచింది. పది దాటింది, పదిహేను దాటింది, ఇరవై రెండు మిల్లీలీటర్ల దగ్గర ఆగింది.

"తాగాల్సింది పది. మరి ఆయన?"

మడతలక్క గీతకి పైన వేలు పెట్టి చూపించింది. మళ్ళీ పోసి వంచితే ముప్పైకి ఒక చుక్క తక్కువ వచ్చింది.

"గ్లాసు, గరిట, చెంచా, మందుకి ఇవేవీ కొలతలు కావక్కా. అన్నం చెంచా ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లు?"

"దగ్గొచ్చినప్పుడల్లా. ఆయనైతే నాలుగుసార్లు."

అమ్మాయి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. సీసా వెనక్కి తిప్పి చీమ తలకాయలంత అక్షరాల మీద గోరు పెట్టింది. "ఇందులో మూడు మందులున్నాయి. ఇది దగ్గు ఆపేది. ఇది ముక్కు కారకుండా ఆపేది, నిద్ర తెచ్చేది ముఖ్యంగా ఇదే. నోరు ఎండగొడుతుంది, చూపు మసకేస్తుంది. మూడోది ముక్కు దిబ్బడకి. దీంతో గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కోటి పైచెయ్యి అవుతుంది. మీకు మూడోది, ఆయనకి రెండోది. మిషన్ల మీద పనిచేసేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు తాగొద్దని ఇక్కడే రాసుంది."

"మీరమ్మారుగా, నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పాల్సిందే. ఆరోజు కొట్టు నిండా జనం, మీరేమో తొందరగా ఇవ్వమన్నారు. తప్పు నాదే, కాదనను." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆయన వయసెంత?"

"అరవై రెండో మూడో."

"ఇంకేమైనా మాత్రలు వేసుకుంటున్నారా? జలుబు మాత్రల్లాంటివి?"

"తెలీదు."

"కనుక్కోండి. చాలా జలుబు మాత్రల్లోనూ ఈ మందే ఉంటుంది. తెలీక రెండూ వేసుకుంటారు. మూత్రం సరిగ్గా అవుతోందా?"

స్టూలు అంచున ఒరిగి కూర్చున్న బాబాయి కళ్ళ ముందు మెదిలాడు.

"ఆ వయసు మగవాళ్ళకి ఈ మందు ఎక్కువైతే మూత్రం బిగబట్టేస్తుంది. ఆగిపోయి ఉంటే ఇంటి వైద్యాలేమీ వద్దు. నీళ్ళు ఇంకా తాగించొద్దు. తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఈ సీసా పట్టుకెళ్ళి చూపించండి. ఇద్దరూ ఇప్పుడే ఆపెయ్యండి. విరుగుడని కాఫీలు పోసుకోకండి. మీకు రెండ్రోజుల్లో తగ్గిపోతుంది, తగ్గకపోయినా దడ పెరిగినా డాక్టరుకి చూపించుకోండి. దగ్గుకి గోరువెచ్చటి నీళ్ళు, కాస్త తేనె చాలు. రెండు వారాలు దాటిన దగ్గుకి సీసాలు కాదు, పరీక్షలు కావాలి."

ఆవిడ షెడ్డుకి తిరిగొచ్చేసరికి జిగురు బల్ల ఖాళీగా ఉంది. కడుపులో బాగోలేదని బాబాయి ఇంటికి వెళ్ళిపోయాడట. "కడుపులో ఎక్కువై ఉంటుంది" అన్నాడు కుట్టు మిషను వాడు. ఈసారి ఆవిడ ఊరుకోలేదు. "నోరు మూసుకుని కుట్టు చూసుకో, వంకరపోతోంది" అని, పని మిగిలి ఉండగానే మిషను కట్టేసి బయల్దేరింది.

*

బాబాయి ఇల్లు రెండో అంతస్తులో, రెండు గదులు. పిన్ని తలుపు తీసి, కోడలిని చూసినట్టు చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"చూడవే, ఎలా మెలికలు తిరుగుతున్నారో! ఏంటంటే చెప్పరు. నిన్నట్నించీ నాతో మాటల్లేవు. తాగొచ్చారన్నారటగా? నాతో ఒక్క ముక్క అనలేదు, కింది వాటా ఆవిడ చెబితే తెలిసింది."

బాబాయి మంచం అంచున రెండు చేతులూ పొత్తికడుపు మీద పెట్టుకుని ముందుకి వంగి ఉన్నాడు. మొహం మీద చెమట. మడతలక్కని చూసి గోడవైపు తిరిగాడు.

"బాబాయ్, సిగ్గుపడే వేళ కాదు. ఒంటికి ఎప్పుడెళ్ళారు?"

ఆయన పొత్తికడుపు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"బాబాయ్!"

"నిన్న సాయంత్రం" అన్నాడు గోడతో. "వస్తున్నట్టే ఉంటుంది. రాదు."

"జలుబు మాత్రలు వేసుకుంటున్నారా?"

"రాత్రిపూట రెండు." పిన్ని చెప్పింది. "దగ్గుతో నిద్ర లేదని నేనే ఇస్తున్నా."

మడతలక్క నుదురు కొట్టుకుంది. తనొక కొసరు వేసింది, ఆయన దాని మీద ఇంకో కొసరు, పిన్ని ఆ పైన ఇంకోటి. పుస్తకం మడిచేవాళ్ళూ, కుట్టేవాళ్ళూ, కోసేవాళ్ళూ ఎవరికి వాళ్ళే కోతకి వదిలితే ఏమవుతుందో బైండింగులో చంటిపిల్లకి కూడా తెలుసు. మనిషి ఒంటికొచ్చేసరికి ముగ్గురికీ తెలియలేదు.

ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని మెట్లు దింపారు. ఒక్కో మెట్టుకీ ఆగారు. ఆసుపత్రిలో డాక్టరు సీసా వెనక చదివి, పొట్ట మీద చెయ్యి వేసి, ఇంకేం అడగకుండా లోపలికి తీసుకెళ్ళమన్నాడు. ఈ వయసుకి మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి ఎలాగూ వాచి ఉంటుందనీ, మందు దాన్ని పూర్తిగా బిగించేసిందనీ, ఇంకా ఆలస్యమైతే కిడ్నీల మీదికి వచ్చేదనీ పిన్నికి చెప్పాడు. గొట్టం వేశాక బాబాయి మొహంలో బిగువు తగ్గి, కాసేపటికి మనిషి మనిషిలా కనబడ్డాడు. పిన్ని కళ్ళు తుడుచుకుని మందులు తేవడానికి వెళ్ళింది.

మడతలక్క మంచం పక్కన నిలబడి అంతా చెప్పింది. చెంచా సంగతి, గీత సంగతి, ఇరవై రెండు, ముప్పై.

"నావల్లే బాబాయ్. నన్ను తిట్టండి."

"నీవల్లేంటి? పైన పోసుకుంది నేను." ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మందు సంగతి నీకు తెలీదు. నాకూ తెలీదు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"తాళం సంగతి తెలుసుగా" అన్నాడు.

పీల్చిన ఊపిరి పీల్చినట్టే ఆగిపోయింది.

"వాడంటే యజమాని. భయపడ్డాడు, అరిచాడు. నువ్వు నాలుగడుగుల్లో ఉన్నావ్. పొద్దుటి నుంచీ ఎదురుగానే ఉన్నావ్. ఈయన తాగలేదు సారూ, అంటావని చూశా. అనకపోతే పోనీ, తాళం నాకొద్దంటావని చూశా." కళ్ళు మూసుకున్నాడు. "నాకు తెలుసులే, ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నావో. వెళ్ళు, పొద్దుపోయింది."

ఆవిడ తిరిగి వస్తూ దారిలో ఏడ్చింది. ఎదురొచ్చేవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు.

*

"సారుకి చెబితే ఏమవుతుందో ఆలోచించావా?" అన్నాడు ఇంటాయన మర్నాడు పొద్దున, బూటు తాడు కట్టుకుంటూ. "మందు పోసింది నువ్వు. ఆయన్ని ఆసుపత్రి పాలు చేసింది నువ్వు. ఆ సారు మిషనూ లాక్కుంటాడు, మడతబల్లా లాక్కుంటాడు. ఆయనెలాగూ ఇవాళో రేపో దిగిపోయేవాడే. నిదానంగా అదే సర్దుకుంటుంది."

"ఆయన తాగుబోతు అన్నమాట కూడా అదే సర్దుకుంటుందా?"

ఇంటాయన బూటు తాడు ముడి విప్పి మళ్ళీ కట్టాడు. "నేననేది నీ మంచికే."

"తెలుసు. మొన్న నేననుకున్నదీ నా మంచికే."

షెడ్డుకి వెళ్ళగానే ఆవిడ సీసా, గ్లాసు, మందులమ్మాయి ఇచ్చిన కొత్త కొలతకప్పు సారు బల్ల మీద వరసగా పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనేమోనని భయం. కప్పులో నీళ్ళు పోసి, మందులమ్మాయి చూపించినట్టే చూపించింది. సారు కనుబొమలు ముడిచి విన్నాడు.

"అయితే బాబాయి తాగలేదు."

"లేదు సారూ. పొద్దుటి నుంచీ నా కళ్ళ ముందే ఉన్నారు."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

ఇక్కడ నాలుగు జవాబులు దొరికేవి. భయమేసిందనొచ్చు. తోచలేదనొచ్చు.

"తాళం కావాలనిపించింది సారూ" అంది.

సారు ఏదో అనబోయి, దగ్గొచ్చి ఆగాడు. పొడి దగ్గు. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుంటూ గ్లాసు వంక చూశాడు. చూసి, కుర్చీలో కొంచెం జారాడు.

"ఈ గ్లాసేనా?"

"ఏం సారూ?"

"అటుమొన్న సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు నేనూ... గీత ఉంది కదా అని, గీత దాకా." గోడవైపు చూస్తూ అన్నాడు. "స్కూటరు గోడకి రాశాను. అసలు గోడ వచ్చిందే తెలీలేదు."

తర్వాత ఆయన లేచి, గాజు తలుపు తీసుకుని షెడ్డులోకి వచ్చాడు. అందరి చేతులూ ఆగాయి.

"బాబాయి తాగలేదు" అన్నాడు, అరవాల్సిన దానికన్నా గట్టిగా. "దగ్గుమందు ఎక్కువైంది. అదే మందు నేనూ తాగాను. అప్పుడు నేనన్నమాట తప్పు. అందరి ముందే అన్నాను, అందరి ముందే చెబుతున్నా. ఇక పని కానివ్వండి." కుట్టు మిషను వాడు తల బాగా వంచి, లేని దారం ఎక్కించుకోసాగాడు.

మడతలక్క జేబులోంచి తాళం తీసి మిషను పక్కనున్న మేకుకి తగిలించింది.

"అదేంటి? లెక్కల పుస్తకాలు ఇంకా సగమున్నాయి" అన్నాడు సారు. "నిన్ను వద్దనలేదుగా?"

"బాబాయి వచ్చాక."

"షెడ్డు నాదా, బాబాయిదా?"

"షెడ్డు మీదే సారూ. ఆ తాళం మాత్రం ఆయన చేతిలోంచి లాక్కున్నాం."

సారు పళ్ళు కొరికాడు గానీ మాట పెరగలేదు. ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళి మడతచెక్క అందుకుంది. రెండు రోజుల్లో చేతుల వణుకు పోయింది. మూడో రోజు నిద్ర పట్టింది. దగ్గు మాత్రం పోలేదు. తేనె కలిపిన గోరువెచ్చటి నీళ్ళు సీసాలో తెచ్చుకుని గుక్క గుక్క తాగింది. సారు ముక్కుకి కట్టుకునే గుడ్డలు తెప్పించి అందరికీ పంచాడు, పాత కట్టలు దులిపే పని వాకిట్లోకి మార్పించాడు. కోయని పుస్తకాలు మిషను చుట్టూ నడుమెత్తు పేరుకున్నాయి. మేకుకి తాళం వేలాడుతూనే ఉంది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆవిడకి ఇరుకుగా అనిపించేది. వస్తాడా? వచ్చినా నాతో మాట్లాడతాడా?

*

శనివారం పొద్దున బాబాయి వచ్చాడు. గొట్టం తీసేశారట. మనిషి కాస్త చిక్కాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. షెడ్డంతా లేచి పలకరించింది. సారు స్వయంగా కుర్చీ తెచ్చి మిషను పక్కన వేశాడు. బాబాయి కుర్చీ చూశాడు, సారుని చూశాడు, "స్టూలు కన్నా నయమే" అని కూర్చున్నాడు. సారు చెవులు ఎర్రబడ్డాయి.

మడతలక్క తల ఎత్తకుండా మడుస్తోంది. చెక్క నొక్కిన చోటే మళ్ళీ నొక్కుతోంది.

"ఇటు రా" అన్నాడు బాబాయి.

వెళ్ళి నిలబడింది. ఆయన పేరుకున్న పుస్తకాలు పైనుంచి కింది దాకా చూశాడు.

"నాలుగు రోజులు ఊరికే పెట్టావా?"

"మీరు రాలేదుగా."

"నేను రాకపోతే బడి తెరవరా?" దగ్గొచ్చింది. ఆవిడ తన సీసా అందించింది. ఆయన మూత తీసి వాసన చూశాడు.

"నీళ్ళే బాబాయ్! ఒట్టు. తేనె కలిపా."

తాగాడు. తాగి మూత బిగించాడు. మూతి తుడుచుకుని లేచి, మేకు దగ్గరికి వెళ్ళి తాళం తీశాడు. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఒకసారి రుద్దాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"డాక్టరు ఇంకో వారం నన్ను మిషను ముట్టుకోవద్దన్నాడు" అన్నాడు. "ఈలోగా ఇవన్నీ తెగాలి. పట్టు."

"మీరు..."

"నేనిస్తున్నా. పట్టు. వచ్చే శనివారం నా చేతికి తిరిగివ్వాలి."

"ఇస్తాను బాబాయ్."

"ఇచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా. తర్వాత సగం రోజు నువ్వు, సగం రోజు నేను. వాడికి నేను చెబుతాలే."

తాళం అందుకుంటుంటే ఆవిడ చెయ్యి వణికింది. ఈసారి మందు లేదు. మిషను గుయ్యిమంది. పన్నెండు పుస్తకాలు తీసుకుని, నాలుగు వైపులా తట్టి, అంచులు కలిపి, లోపలికి తోసింది. కొలత చూసుకుంది. పట్టీ దించింది. వేళ్ళు వెనక్కి తీసి మీటల మీద పెట్టి, ఆయన వంక చూసింది.

బాబాయి కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"కోతకి ఎంత వదిలావ్?"

"మూడు."

"ఒక్కసారే వదిలావా?"

"ఒక్కసారే బాబాయ్."

"అయితే నొక్కు" అన్నాడు.